అల గీయడం రాక కెమెరా పట్టుకున్నాను

అలను గీయడం నాకు చేతకాలేదు. ఇదంతా అక్కడే మొదలైంది కాబట్టి ముందు అదే చెప్తాను.

బొమ్మలు నేర్చుకుంటున్న రోజులవి, పంతొమ్మిదేళ్లుంటాయి. మొహాలు, చేతులు, చెట్లు, మెట్ల మీద పడే నీడలు ఇలాంటివన్నీ ఎలాగోలా పట్టుకునేవాణ్ణి గానీ సముద్రం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. నీలం పూసి, పైన వంపు తిప్పి, అంచున తెల్లగా నురగ చుక్కలు పెడితే చుట్టి పెట్టిన చాపలా ఉండేది తప్ప అలలా ఉండేది కాదు. మా మాస్టారు ఒకరోజు ఆ పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగి, వంపు మీద వేలు పెట్టి "ఈ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి?" అని అడిగారు. "సముద్రంలోంచే కదా మాస్టారూ" అన్నాను. "అది కాదు. ఇదిగో, ఈ పైన ఉన్న నీళ్లు ఒక్క క్షణం ముందు ఎక్కడున్నాయి? చూసొచ్చి చెప్పు" అన్నారు. మందలించలేదు, మెచ్చుకోలేదు, పుస్తకం చేతిలో పెట్టేశారంతే.

చూడ్డానికి వెళ్లాను. ఇసుకలో కూర్చుని చూస్తూనే ఉన్నాను, కానీ చూడ్డం కుదిరితే కదా! అల లేచిందని తల ఎత్తేలోపు విరిగిపోతుంది, పెన్సిల్ కాగితం మీదికి వచ్చేలోపు నురగైపోతుంది, తర్వాతది ముందుదానిలా ఉండదు. మనిషినైతే "కాస్త కదలకుండా కూర్చో" అని బతిమాలుకోవచ్చు, అలని ఏమని బతిమాలతాం? సాయంత్రానికి పుస్తకంలో నలభై వంకర గీతలు మిగిలేవి, వాటిలో ఏది ఏ అలదో నాకే తెలిసేది కాదు.

మాస్టారే నాకు జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన ఆ పెద్ద అల బొమ్మ చూపించారు. 1831 ప్రాంతంలో చెక్క అచ్చులతో తీసిన బొమ్మ అది. ప్రపంచమంతా తెలిసిన ఆ అల నిజానికి 26 సెంటీమీటర్ల ఎత్తు, 38 సెంటీమీటర్ల వెడల్పు, ఒళ్లో పెట్టుకుని చూసేంత. వేసేటప్పటికి ఆయనకి డెబ్భై ఏళ్లు, అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచే అలలు గీస్తూ ఉన్నాడు. నేను దాన్ని ఎన్నిసార్లు దింపుకున్నానో లెక్కలేదు. అందరిలాగే నేనూ పైన గోళ్లలా ఉన్న నురగనే చూసేవాణ్ణి, ఆ కింద ముదురు నీలం చారలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో పట్టించుకోలేదు. మాస్టారి ప్రశ్నకి జవాబు ఆ చారల్లోనే ఉంది, కాకపోతే అది నాకు అర్థమవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

కెమెరా చేతికి వచ్చింది అందుకే. ఫొటోలు తీయాలన్న కోరికతో కాదు, అల ఒక్క క్షణం ఆగితే దాన్ని చూసి బొమ్మ వేసుకుందామని. ఒక స్నేహితుడి దగ్గర ఎస్సెల్లార్ కెమెరా (లెన్స్‌లోంచే చూస్తూ తీసేది) అడిగి తెచ్చుకున్నాను. దానికి 50 ఎంఎం లెన్స్ ఉండేది. రీలంతా అలలే తీసి, కడిగించి, ప్రింట్లు చేతికి రాగానే ఆత్రంగా కవరు చించితే, అన్నిట్లోనూ ఇసుక, ఆకాశం, మధ్యలో సన్నటి తెల్ల గీత! ఆ గీతే అల. ఎందుకలా వచ్చిందో తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. వంద మీటర్ల దూరంలో ఒకటిన్నర మీటరు ఎత్తున్న అల 50 ఎంఎం లెన్స్‌లో నెగటివ్ మీద ముక్కాలు మిల్లీమీటరు పడుతుంది. నెగటివ్ ఎత్తేమో 24 మిల్లీమీటర్లు. నా కళ్లకి అంత పెద్దగా, గుండెల మీదికి వచ్చేలా కనిపించింది అక్కడ పెన్సిల్ చుక్కంత కూడా లేదు.

సముద్రాన్ని ఫొటో తీయడం మొదట్నుంచీ కష్టమే, ఆ సంగతి చదివాక కొంచెం ధైర్యం వచ్చింది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఆయన 1856, 57ల్లో అలల ఫొటోలు తీశాడు. అప్పటి రసాయనాలకి ఆకాశపు నీలం మరీ ఎక్కువ అంటుకునేది, సముద్రం సరిగ్గా వస్తే ఆకాశం తెల్లకాగితంలా అయిపోయేది. అందుకని కొన్ని బొమ్మలకి ఆయన ఆకాశానికో నెగటివ్, సముద్రానికో నెగటివ్ వేరువేరుగా తీసి నీళ్లూ మబ్బులూ కలిసే గీత దగ్గర రెంటినీ అతికి ఒక్క ప్రింటు వేశాడు. ఆయనా మొదట చిత్రకారుడిగా చదువుకున్నవాడే.

ఆ తర్వాత దూరాన్ని దగ్గర చేసి చూపించే 300 ఎంఎం లెన్స్ ఒకటి దొరికింది. స్టాండు మీద కెమెరా బిగించి అందులోంచి చూసినప్పుడు మొదటిసారి అల లోపలి గోడ కనిపించింది. దానితో పాటు ఒక మనిషి కూడా.

అప్పటిదాకా సర్ఫింగ్ చేసేవాళ్లు, అంటే బోర్డు మీద నిలబడి అలల మీద జారేవాళ్లు, నాకు అడ్డం. నాకు కావలసింది అల, మధ్యలో వీళ్లెందుకు వస్తున్నారా అని విసుక్కునేవాణ్ణి. ఆ రోజు లెన్స్‌లో ఒకతను అల లేస్తుండగా బోర్డు మీద నిలబడి, కిందికంటా జారి, అక్కడ మోకాళ్లు వంచి బోర్డుని పక్కకి వాల్చి తిప్పాడు. తిప్పగానే మళ్లీ పైకి లేచాడు, తను ఎక్కుతున్నట్టు కాదు, ఎవరో కింద నుంచి ఎత్తి పెడుతున్నట్టు. అతని వెనక బోర్డు తెల్లటి గీత వదిలింది. ఆ గీత ఒక్క సెకను అలాగే నిలిచి, మెల్లగా పైకి సాగి, అంచు దాకా పోయి, అంచుతో పాటే వంగి పడిపోయింది. నేను షట్టర్ నొక్కడం మర్చిపోయాను. ఇన్నాళ్లూ నేను కాగితం మీద గీయలేకపోయిన గీతని అతను నీళ్ల మీద గీసి చూపించాడు కదా అనిపించింది.

మర్నాటి నుంచి అలలని వదిలేసి మనుషుల వెంట పడ్డాను.

మొదటి రీళ్లలో మనుషులందరూ నల్లగా, మసిపూసినట్టు వచ్చారు. నురగ తెలుపు చూసి కెమెరాలో మీటరు బోల్తా పడుతుందని, వెలుతురు నురగ మీద కాకుండా ఇసుక మీదో అరచేతి మీదో కొలుచుకోవాలని తెలియడానికి నాలుగు రీళ్లు ఖర్చయ్యాయి. నీటిచుక్కలు గాలిలో పూసల్లా ఆగిపోవాలంటే షట్టర్ 1/1000 ఉండాలి, అంటే సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకోవాలి. 100 స్పీడు ఫిల్ముతో మంచి ఎండలో అయినా అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కంతని, 5.6 దాకా వెడల్పుగా తెరవాల్సి వస్తుంది, అప్పుడు ఫోకస్ కాస్త అటూ ఇటూ అయినా అంతే. రీలుకి 36 బొమ్మలు. ఇప్పుడు సెకనుకి ఇరవై తీసే కెమెరాలు వచ్చాయి, నేనూ వాడుతున్నాను, హాయిగానే ఉంది. కానీ ముప్పై ఆరే ఉన్నాయన్నప్పుడు నొక్కే ముందు అలని చదవడం తప్పదు, నాకు ఆ చదువు అబ్బింది రీలు వల్లేనని గట్టిగా నమ్ముతాను.

అలని చదవడం నేర్పింది నీళ్లలోనే పెరిగినట్టుండే ఒకాయన. నాకంటే పదేళ్లు పెద్ద, అందరూ అన్న అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. స్టాండు పక్కన రోజూ నన్ను చూసి చూసి ఒకరోజు తడి కాళ్లతో వచ్చి "ఎన్ని లెక్కపెట్టావు?" అన్నాడు. ఏమిటి లెక్కపెట్టేది? ఒక అల శిఖరం ఒక చోటు దాటాక రెండోది అదే చోటు దాటడానికి ఎన్ని సెకన్లు పడుతోందో అది లెక్క పెట్టాలట. ఆరేడు సెకన్లయితే దగ్గర్లో గాలికి పుట్టిన చిల్లర అలలు, గజిబిజిగా ఉంటాయి. పన్నెండు, పద్నాలుగు సెకన్లయితే ఎక్కడో దూరాన తుఫాను లేపినవి. పద్నాలుగు సెకన్ల అలల గుంపు లోతు నీళ్లలో గంటకి దాదాపు 40 కిలోమీటర్ల వేగంతో ప్రయాణం చేస్తుంది, అంటే రెండు వేల కిలోమీటర్ల అవతల రేగిన గాలి రెండు రోజుల తర్వాత మన కాళ్ల దగ్గర విరుగుతుందన్నమాట. నీళ్లు మాత్రం అంత దూరం రావు, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి దాదాపు మొదటి చోటికే వస్తాయి, వచ్చేది ఆ ఊపే. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాస్టారు అడిగిన ప్రశ్నలో సగం ఇక్కడే ఉంది.

ఇంకా చాలా చెప్పాడు అన్న. అలలు ఒంటరిగా రావు, సెట్లుగా వస్తాయి, మధ్యలో కాసేపు సముద్రం ఊరుకుంటుంది. ఆ ఊరుకున్నప్పుడు రీలు మార్చుకోవాలి, ఈదుకుంటూ లోపలికి వెళ్లాలన్నా అప్పుడే. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తే అల ముఖాన్ని నిలబెట్టి ఉంచుతుంది, నున్నగా అద్దంలా ఉంటుంది. అటు నుంచి ఇటు వీస్తే నలిగిన గుడ్డలా అయిపోతుంది. అల తన ఎత్తుకి 1.3 రెట్లు లోతున్న చోటికి వచ్చేసరికి ఇంచుమించు విరుగుతుంది. కింద నేల మెల్లగా ఎత్తయితే అంచు నుంచి నురగ జారుకుంటూ వస్తుంది, ఉన్నట్టుండి ఎత్తయితే పైభాగం ముందుకి దూకి లోపల బోలుగా గొట్టంలా తెరుచుకుంటుంది. సర్ఫింగ్ చేసేవాళ్లు బ్యారెల్ అనేది ఆ గొట్టాన్నే. మీటరు ఎత్తు అలైతే అది విరిగేది మనిషికి ఛాతీ లోతు నీళ్లలో. "అంటే ఆ గొట్టం ముందు నువ్వు నిలబడొచ్చు. ఒడ్డు మీద నుంచి ఎన్నేళ్లు చూస్తావు?" అన్నాడు.

నీళ్లలోకి కెమెరా తీసుకెళ్లడం అనే ఆలోచన అప్పటికి నాకు వింతగా అనిపించింది గానీ, తవ్వితే అది ఎప్పటిదో అని తెలిసింది. టామ్ బ్లేక్ అనే అమెరికన్ సర్ఫర్ 1930 ప్రాంతంలోనే నీళ్లు చొరబడని పెట్టె తయారు చేసుకుని హవాయిలో బోర్డు మీద నుంచే తోటివాళ్ల ఫొటోలు తీశాడు, అవి 1935లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చాయి. కాలిఫోర్నియాలో డాక్ బాల్ అనే పళ్ల డాక్టరు ఆయన బాటలోనే నడిచాడు. లెరాయ్ గ్రానిస్ కథ నాకు మరీ ఇష్టం. 42 ఏళ్ల వయసులో కడుపులో పుండు పడితే డాక్టరు "ఈ టెన్షన్ తగ్గాలి, ఏదైనా వ్యాపకం పెట్టుకో" అన్నాడట, అప్పుడు పట్టుకున్నాడు కెమెరా. 1960లలో సర్ఫింగ్ ఎలా ఉండేదో ఇవాళ మనకి తెలుస్తోందంటే చాలావరకు ఆయన బొమ్మల వల్లే. నీళ్లలో ఉండగానే రీలు మార్చుకోవడానికి సొంతంగా పెట్టె కూడా చేసుకున్నాడు. 1960లో సర్ఫర్ పత్రిక మొదలుపెట్టిన జాన్ సెవర్సన్ అయితే స్వయంగా చిత్రకారుడు, అలలు పెయింట్ చేసేవాడు, ఫొటోలూ తీసేవాడు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు. బొమ్మలు వదిలేసి కెమెరా వెంట పడుతున్నానే, తప్పు చేస్తున్నానా అని లోపల పీకుతూ ఉండేది అప్పట్లో. జార్జ్ గ్రీనో భుజాలకి బరువైన కెమెరా కట్టుకుని మోకాళ్ల మీద బోర్డు నడుపుతూ గొట్టం లోపలి నుంచి బయటికి చూపించాడు, 1960ల చివర్లో. అలని లోపల నుంచి చూడొచ్చని అప్పటిదాకా ఒడ్డున ఉన్న ఎవరికీ తెలియదు.

చేతులు మారి నా దాకా వచ్చింది నైకానోస్ 5 అనే కెమెరా. దాని మూలం సముద్రం అడుగున సినిమాలు తీసిన కూస్తో బృందం కోసం జాన్ ద వూటర్స్ రూపొందించిన కలిప్సో కెమెరా, దాన్ని నైకాన్ తీసుకుని 1963 నుంచి నైకానోస్ పేరుతో చేసింది. నాది ఆ వరసలో 1984లో వచ్చిన ఐదోది. దానికి వేరే పెట్టె అక్కర్లేదు, కెమెరానే నీళ్లలో ముంచేయొచ్చు. 35 ఎంఎం లెన్స్ నీళ్లలోనూ బయటా కూడా పనిచేస్తుంది. ఫోకస్ చూసుకోవడానికి ఏమీ ఉండదు, దూరం అంచనా వేసి తిప్పుకోవడమే. లెన్స్ ముందు రెండు చిన్న ఎర్ర ముళ్లు ఉంటాయి, అపర్చర్ తిప్పుతుంటే అవి ఒకదానికొకటి దగ్గరికీ దూరానికీ జరుగుతాయి, వాటి మధ్య ఉన్న దూరమంతా స్పష్టంగా వస్తుందన్నమాట. అపర్చర్ 8 దగ్గర పెట్టి దూరం రెండు మీటర్లకి తిప్పితే ఒకటిన్నర నుంచి మూడు మీటర్ల దాకా బాగుంటుంది. ఆ చిన్న ముళ్లు కదలడం చూస్తే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది.

వెళ్లే ముందు రాత్రి వెనక మూత తీసి, నీళ్లు చొరబడకుండా అడ్డుకునే రబ్బరు చుట్టుని, ఓ-రింగుని, బయటికి లాగి, వేలి చివర గ్రీజు రాసి, వెలుతురుకి పట్టుకుని గుండ్రంగా తిప్పి చూసుకునేవాణ్ణి. ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు దాని మీద ఉంటే చాలు, ఉప్పునీరు లోపలికి దారి చేసుకుంటుంది. వేళ్లతో తడిమితే కంటికి కనపడని రేణువు కూడా తగులుతుంది. ఆ పని చేస్తున్నంతసేపు గదిలో ఫ్యాను కూడా వేసుకునేవాణ్ణి కాదు.

మొదటి రోజు ముప్పై ఆరూ పోయాయి. ఆకాశం, నా వేళ్లు, ఎవరిదో పాదం, ఒట్టి తెల్లటి నురగ. కాళ్లకి ఈతరెక్కలు, ఫిన్స్, ఉన్నా ఉన్నచోట ఉండలేకపోయాను, అల వచ్చినప్పుడు నొక్కాలా, ఊపిరి బిగబట్టాలా, కిందికి మునగాలా, మూడూ ఒకేసారి చేయాల్సి వస్తే ఏదీ కుదరలేదు. భయం వేసింది, దాచడం ఎందుకు. విరిగిన అల కింద పడి చొక్కాని ఉతికినట్టు తిప్పేస్తే పైన ఏదో కింద ఏదో తెలియలేదు, లేచేసరికి మళ్లీ ఒకటి వచ్చి పడింది. ఒడ్డుకి వచ్చి కూర్చుని చాలాసేపు సముద్రం వైపు చూడలేదు. అయినా మర్నాడు వెళ్లాను, ఆ మర్నాడూ వెళ్లాను.

మెల్లగా కొన్ని తెలిశాయి. లెన్స్ మీద ఒక్క చుక్క నిలిచినా బొమ్మ మధ్యలో మచ్చ పడుతుంది. దానికి మందు ఉమ్మే. అద్దాన్ని నాలుకతో నాకేసి నీళ్లలో ముంచి, నొక్కడానికి సరిగ్గా ముందు పైకి తీస్తే నీళ్లు చుక్కలుగా నిలవకుండా పల్చటి పొరలా జారిపోతాయి. ఆ పొర ఉండేది ఒకటి రెండు సెకన్లే. వ్యూఫైండర్‌లో చూసే వ్యవధి ఉండదు కాబట్టి చెయ్యి చాచి, కెమెరా ఎటు చూస్తోందో మణికట్టుకి తెలిసేలా అలవాటు చేసుకోవాలి. ఇక నొక్కగానే మునగాలి. కిందికంటా, నేలకి పొట్ట ఆనేంత కిందికి.

ఆ కిందున్న క్షణం గురించి చెప్పకపోతే ఇంత రాసీ దండగ. పైన అంత హోరు ఉంటుందా, మునగ్గానే అది ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టు దూరమైపోతుంది. కళ్లు తెరిచి పైకి చూస్తే అల కడుపు కనిపిస్తుంది. నురగ గాలిబుడగలతో తెల్లటి మబ్బులా కిందికి దిగి, సుడులు సుడులుగా మెలి తిరిగి, తాళ్లు పేనినట్టు వెనక్కి సాగుతుంది. ఆ మబ్బు వీపుని రాసుకుంటూ దాటిపోయాక పైనంతా ఎండ వెలుతురు, ఇసుక రేణువులు మెరుస్తూ మెల్లగా దిగుతుంటాయి. నాలుగైదు సెకన్లంతే. ఊపిరి అందక పైకి వచ్చేస్తాం.

ఒక రోజు నా తప్పు వల్ల పెద్ద ప్రమాదమే జరిగేది. నీళ్లలో ఫొటో తీసేవాడు సర్ఫర్ దారిలో ఉండకూడదు, అది మొదటి నియమం. బొమ్మ మీద ఆశ కొద్దీ ఇంకొంచెం, ఇంకొంచెం అని జరిగి సరిగ్గా ఒకతను వచ్చే దారిలో ఉండిపోయాను. అతను నన్ను చూసి మంచి అలని వదిలేసి, బోర్డు పక్కకి తన్ని దూకేశాడు, బోర్డు అడుగున ఉండే రెక్క నా పిక్కని గీరుకుంటూ పోయింది. పైకి తేలాక "ఒరేయ్, ఫొటో తీయడానికి వచ్చావా, చావడానికి వచ్చావా?" అని అరిచాడు. అతను తిట్టింది నూటికి నూరు పాళ్లు న్యాయం. వాళ్లు ఆ ఒక్క అల కోసం అరగంట కాచుకుని ఉంటారు. ఆ మచ్చ ఇంకా ఉంది. అప్పట్నుంచి ఎవరు లోపలికి వెళ్తున్నా ముందు వాళ్లకి చెయ్యి ఊపి నేనెక్కడున్నానో చూపించాకే కెమెరా పైకెత్తుతాను.

వాళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ బయటపడతారో తెలియడమే ఈ పనిలో అసలు విద్య. 2024 జూలై 29న ఒలింపిక్స్ పోటీల్లో, పసిఫిక్ దీవి తాహితీలోని తెయాహుపో దగ్గర బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెదీనా అల వెనక నుంచి గాల్లోకి లేచి వేలు పైకెత్తి నిలబడ్డట్టున్న ఫొటో వచ్చినప్పుడు నాకు ఎంతమంది పంపారో! పక్కనే బోర్డు కూడా అతనితో పాటు నిటారుగా గాల్లో ఉంటుంది. "ఇది నిజమేనా, కంప్యూటర్లో చేశారా?" అని అందరూ అదే ప్రశ్న. నిజమే. అల అయిపోతుండగా దాని వీపు మీదుగా ఎగిరి బయటపడటం సర్ఫర్లు రోజూ చేసేదే, ఫొటోగ్రాఫర్ జెరోమ్ బ్రుయే పడవలో ఉండి, ఆ బయటపడే చోటుకి లెన్స్ పెట్టుకుని కాచుకున్నాడు. ఆ కాచుకోవడం వెనక ఎన్నేళ్లు ఆ అలని చూడటం ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఆ ఫొటోని చూసిన ప్రతిసారీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇక ఆ పొద్దుటి సంగతి.

ఆకాశం మూసుకుని ఉంది. వెలుతురు పల్చగా, బూడిద రంగులో, నీడలు లేకుండా ఉంది. నీళ్లలోకి వెళ్లి ఓ పాతిక బొమ్మలు తీశాక వ్యూఫైండర్‌లో వెలగాల్సిన ఎర్ర దీపాలు వెలగలేదు. బ్యాటరీ అయిపోయింది. ముందు రోజే మార్చాల్సింది, ఓ-రింగు ధ్యాసలో పడి మార్చలేదు. ఆ కెమెరాలో ఒక మంచి ఏర్పాటు ఉంది, డయల్ మీద ఎం90 అని రాసి ఉన్న చోటికి తిప్పితే బ్యాటరీతో పని లేకుండా షట్టర్ నడుస్తుంది. కానీ ఆ ఒక్క స్పీడే, 1/90. కదిలే నీళ్లకి అది చాలదని నాకు తెలుసు, అంతా అలుక్కుపోతుంది. ఇంకా పదకొండు మిగిలాయి. ఒడ్డుకి వెళ్లిపోదామనుకుంటుండగా దూరంగా సెట్ లేవడం కనిపించింది, మూడో అల మీద అన్న ఉన్నాడు.

అల దగ్గరికి వస్తున్నప్పుడు ముందు నా చుట్టూ ఉన్న నీళ్లు తగ్గాయి. మెడ దాకా ఉన్నవి ఛాతీకి, ఛాతీ నుంచి నడుముకి. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. నన్ను ఎవరో నడుము పట్టి అల వైపుకి లాగుతున్నారు. ఎదురుగా గోడ లేస్తోంది, బూడిద రంగు కాస్తా పచ్చగా, సీసా గాజు రంగులోకి మారింది. నా చుట్టూ తగ్గిన నీళ్లే, నురగ చారలతో సహా, నా పక్క నుంచే ఆ గోడ మీదికి ఎక్కిపోతున్నాయి. ఎక్కి, అంచు దాకా పోయి, నా తల మీదుగా వంగుతున్నాయి. అన్న చెయ్యి ఒకటి గోడలో పెట్టి వస్తున్నాడు, ఆ వేళ్ల వెనక నాలుగు సన్నటి గాట్లు పడి పైకి సాగుతున్నాయి. ఆ చెయ్యి నా లెన్స్‌కి ఒకటిన్నర మీటరు దూరంలో ఉండి ఉంటుంది. నొక్కాను. మునిగాను.

రీలు కడిగించి, ప్రింట్లు వచ్చాక ఆ పదకొండింట్లో పది నిజంగానే అలుక్కుపోయాయి. ఒకటి మాత్రం, ఎలా చెప్పను, అన్న మొహమూ భుజమూ ఇంచుమించు నిలిచి ఉన్నాయి, ఎందుకంటే అతను నా వైపే సూటిగా వస్తున్నాడు. నీళ్లు మాత్రం కదిలాయి. కింద నుంచి పైకి, తడి కుంచె లాగినట్టు, ప్రతి చారా సాగి, అంచు దగ్గర మెలి తిరిగి ఉంది. 1/1000తో తీసుంటే ఆ నీళ్లన్నీ గాజులా బిగుసుకుపోయేవి. అప్పట్నుంచి మబ్బు పట్టిన రోజుల్లో కావాలనే 1/60, 1/30 పెట్టి తీయడం అలవాటైంది, చాలామంది పాడైన బొమ్మ అంటారు, నాకు మాత్రం అలాంటివే ఎక్కువ ఇష్టం. ఆస్ట్రేలియాలో రే కాలిన్స్ అని ఉన్నాడు, బొగ్గు గనిలో పనిచేస్తూ మోకాలికి దెబ్బ తగిలి, కోలుకునే రోజుల్లో కెమెరా పట్టుకున్నాడు. ఆయన కళ్లకి రంగుల తేడా సరిగ్గా తెలియదు. మనుషులు లేని అలల్ని కొండల్లా, శిల్పాల్లా తీస్తాడు. రంగు సంగతి పక్కన పెడితే ఆకారం ఎంత బాగా కనిపిస్తుందో ఆయన బొమ్మలు చూస్తే తెలుస్తుంది.

ఆ ప్రింటు తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను. మూడేళ్లయింది ఆయన ఆ ప్రశ్న అడిగి, గుర్తుంటుందో లేదో అనుకున్నాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని దగ్గరగా చూశారు. తర్వాత తలకిందులుగా తిప్పి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశారు, మా బొమ్మలన్నిటినీ అలాగే చూసేవారు, తూకం ఎక్కడ తప్పిందో అలా తెలుస్తుందని. మళ్లీ మామూలుగా తిప్పి బల్ల మీద పెట్టి, అంచు మీద వేలు పెట్టారు. "ఈ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి?"

నేను బొమ్మ అడుగున, గోడ మొదట్లో, దాదాపు నేను నిలబడ్డ చోట వేలు పెట్టాను. "ఇక్కణ్నుంచి మాస్టారూ. నా నడుం దగ్గర్నుంచి పోయాయి."

ఆయన ఏమీ అనలేదు. సొరుగులోంచి ఒక కాగితం, పెన్సిల్ తీసి నా ముందుకి జరిపి, ఆయన పనిలో పడిపోయారు. కూర్చున్నాను. ఇన్నాళ్లూ అల అంటే పై అంచు దగ్గరే గీత మొదలుపెట్టేవాణ్ణి. ఆ రోజు పెన్సిల్ కాగితం అడుగున ఆనించి పైకి లాగాను, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. చీకటి పడేదాకా గీశాను. సగం కూడా అవలేదు.

రాత్రి అన్న కబురు పెట్టాడు, తెల్లారేసరికి గాలి నేల మీద నుంచి వీస్తుందట, పద్నాలుగు సెకన్లట. కెమెరాకి కొత్త బ్యాటరీ వేసి, ఓ-రింగుకి గ్రీజు రాసి పడుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ సగం అలాగే ఉంది.